గవరయ్య ఇంటి తొమ్మిది గాట్లు

రోజు 38

ఈ పుస్తకం నా సొంతం. ఊరి పుస్తకంలో రాయడానికి నాకు వంతు వచ్చేది ఏడాదికి పది రోజులు. నా నోటి దురుసు చూసి ఆ పది రోజులు కూడా తగ్గించాలని మా అన్న జగ్గయ్యకి ఉంది. అందుకని వేరేగా రాసుకుంటున్నాను. మనసు కుదురుగా లేనప్పుడు చేతికి ఏదో ఒక పని ఉండాలి.

నా పేరు సన్యాసమ్మ. పేరు పెట్టినవాళ్ళకి నా సంగతి ముందే తెలిసినట్టుంది, యాభై ఎనిమిదేళ్ళు వచ్చినా పెళ్ళి లేదు. అయినా ఎర్రనేల కింద ఈ దిగువూళ్ళో ముప్పై ఏళ్ళుగా జరిగిన ప్రతి పెళ్ళీ నా చేతి మీదుగా జరిగిందే. పిల్లనీ పిల్లాణ్ణీ కూర్చోబెట్టి, బుగ్గ లోపల దూదిపుల్ల తిప్పి, దాన్ని కణాల్లోని రాత చదివే చదువుపెట్టెలో పెడతాను. ఇద్దరి రక్తం మరీ దగ్గరైతే వద్దంటాను. మా తాతలు భూమి వదిలి ఇక్కడ దిగి నూట పదిహేడేళ్ళు దాటాయి, ఇప్పటికి మొత్తం రెండు వందల ఆరుగురం. ఎవరికి ఎవరు ఎన్ని వైపుల నుంచి మేనరికమో నోటితో తేల్చడం కష్టం, పెట్టె తేలుస్తుంది.

ఇవాళ అసిరమ్మ, దాలయ్య వచ్చారు. పుట్టగొడుగుల అరల దగ్గర పనిచేసే మొగుడూ పెళ్ళాలు. పెళ్ళయి ఆరేళ్ళయింది. రెండు కాన్పులు నిలవలేదు.

"మా ఇద్దరి రగతంలోన ఏటైనా తేడా ఉన్నాదేటో సూడండమ్మగారూ" అంది అసిరమ్మ.

"అప్పుడు పెళ్ళికి చూశాను కదే. ఏమీ లేదన్నాను."

"మళ్ళీ ఓపాలి సూడండి. ఈడు రెండుసార్లు పైకెల్లొచ్చినాడు. అదేటైనా అయ్యుంటాది."

వాళ్ళది గవరయ్య ఇల్లు. ఊళ్ళో 'దాగినవాళ్ళు' అంటారు. మాది అప్పన్న ఇల్లు, మేము 'నిలబడ్డవాళ్ళం'. మిగతా ఇళ్ళకి ఇలాంటి పేర్లు లేవు. నా ఈడు ఆడదాన్ని ఊరంతా అత్తా అనో పిన్నీ అనో పిలుస్తుంది. దాగినవాళ్ళు మాత్రం వరస పెట్టి పిలవకూడదు, అమ్మగారూ అనాలి. వాళ్ళకీ మాకూ సంబంధాలు కలవవు. ముప్పై ఏళ్ళలో అలాంటి జంట ఒక్కటీ నా ముందు కూర్చోలేదు. పెట్టెనే అడిగితే ఊళ్ళో అన్నిటికంటే మంచి సంబంధాలు అవేనని చెప్పేది.

పుల్లలు తీసుకుని పంపించాను.

రోజు 40

సూర్యుణ్ణి చూసే గదిలోంచి కబురొచ్చింది. మొన్న అంచు దాటి అవతలికి పోయిన పెద్ద మచ్చ చెదరలేదట, ఇంకా పెరిగిందట, సూర్యుడి కంపనాల్ని బట్టి తెలిసిందట. అది చుట్టు తిరిగి మళ్ళీ మాకు గురిగా నిలిచేది అరవై రెండో రోజుకి. అప్పుడు ఎండపోటు, కంటికి కనపడని కిరణాల వాన, తప్పదు. ఇంకా ఇరవై రెండు రోజులు.

సాయంత్రం అందరినీ పిలిచి అన్న ఊరి పుస్తకం తెరిచాడు. పై తలుపు మూసే, తెరిచే తలుపుపెద్ద కనక ఆ పని ఆయనదే. ఎండపోటు కబురు వచ్చినప్పుడల్లా మొదటి ఏడాది పేజీ చదవాలి. నాకు ఐదో ఏట నుంచీ కంఠతా వచ్చు: 'మూడు రోజుల ఎండపోటు. అప్పన్న గాలికొట్టులో నిలబడి చక్రం తిప్పాడు. గవరయ్య, అతని ఇంటివాళ్ళు లోగదిలో దాక్కున్నారు.' కింద తేదీ, సంతకం.

ఎండపోటు వస్తే గాలి యంత్రం మెదడు మాడిపోతుంది. కాబట్టి దాన్ని ముందే పీకి లోగదికి తెచ్చుకుంటాం. ఆ మూడు రోజులూ పైన గాలికొట్టులో నలుగురు మనుషులు వంతుల మీద చక్రం తిప్పాలి. కొట్టు కప్పు పలచన. కింద మేమంతా మూడు నిలువుల రాతి కింద భద్రంగా ఉంటాం. ఆ నలుగురూ ప్రతిసారీ గవరయ్య ఇంటివాళ్ళే. తాత చేసిన తప్పు దిద్దుకోవడమన్నమాట. కొట్టుని లోతుగా తవ్వుకుందామని ముప్పై ఏళ్ళుగా అనుకుంటూనే ఉన్నాం, పారలు ఖాళీ లేవని ఆగింది.

ఒకసారి వెళ్ళినవాళ్ళని వెంటనే రెండోసారి పంపకూడదు. అందువల్ల పిల్లలూ ముసలివాళ్ళూ పోగా ఈసారి మగవాళ్ళు ముగ్గురే తేలారు. నాలుగో పేరు చదివాడు అన్న. అసిరమ్మ.

పక్కనున్న దాలయ్య నేల చూశాడు. నేను ఆ రాత్రే వాళ్ళ పుల్లలు పెట్టెలో పెట్టాను.

రోజు 43

ఫిల్టరు గుడ్డలు ఉతకాల్సిన రోజు. రెండుసార్లు ఉతికాను, ఒకసారి ఉతికిన సంగతి మరిచిపోయి.

కారణం పెట్టెలో కనిపించింది, పెళ్ళికి రక్తం దగ్గరతనమే చూస్తాను కనక అప్పట్లో కంటపడలేదు. ప్రతి బిడ్డ రాతలోనూ అమ్మానాన్నల్లో లేని కొత్త తప్పులు అరవయ్యో డెబ్భయ్యో పడతాయి. తండ్రి వయసు ముదిరేకొద్దీ ఇంకొన్ని ఎక్కువ. అవి ఇక్కడొకటి అక్కడొకటి పడతాయి. ఎండపోటు తగిలిన మనిషికి ఆ తర్వాత పుట్టే బిడ్డలో పడేది వేరే రకం. ఒకే చోట నాలుగైదు అక్షరాలు చెదిరి, మధ్యలో చిన్న ముక్క ఎగిరిపోయి ఉంటుంది. దాన్ని నేను గాటు అంటాను.

అసిరమ్మలో గాట్లు ఉన్నాయి, దాలయ్యలో ఉన్నాయి. తండ్రులు పైకి వెళ్ళొచ్చినవాళ్ళు కనక అందులో వింత లేదు. కానీ రెండు గాట్లు ఇద్దరిలోనూ ఒకే చోట, ఒకే తీరున ఉన్నాయి. ఒకే గాటు రెండుసార్లు విడివిడిగా పడదు. ఒక మనిషిలో పడి ఇద్దరికీ దిగి ఉండాలి. వాళ్ళిద్దరూ కలిసేది సింహాద్రి దగ్గర. గవరయ్యకి బతికిన ఒక్కగానొక్క కొడుకు సింహాద్రి. పుట్టింది మూడో ఏడు. మొదటి ఏడాది ఎండపోటుకి రెండేళ్ళ తర్వాత, రెండో ఎండపోటుకి తొమ్మిదేళ్ళ ముందు.

మరి సింహాద్రిలో గాటు ఎక్కడిది?

రోజు 45

అసిరమ్మ ఒక్కతే వచ్చింది. తలుపు దగ్గరే నిలబడింది.

"మూడో నెలమ్మగారూ. ఎవులికీ సెప్పనేదు. రెండుసార్లు సెప్పుకున్నాక పోనాది కదా, ఈపాలి మాటాడకూడదనుకున్నాను."

పైకి వెళితే ఆ బిడ్డ దక్కదని మా ఇద్దరికీ తెలుసు. నేను లేచి అటూ ఇటూ తిరిగాను. నా గది నాలుగు అడుగులు, ఎంత తిరుగుతాను.

అన్న దగ్గరికి పోయాను. తలుపు గొళ్ళేనికి నూనె రాస్తున్నాడు.

"ఆ పిల్ల కడుపుతో ఉన్నాది అన్నియ్యా. పేరు తీసీ."

"తీసీసి ఎవుల్ని రాయమంతావు? ఆలింట్లోన ఇంకెవులున్నారు? పోయినసారి ఎల్లినోలే కదా అందరూ."

"ఆలింట్లోనే ఎందుకు ఎతకాల?"

నూనె గుడ్డ కింద పెట్టి నావైపు చూశాడు. గాటు సంగతి చెప్పాను. ఓపికగా విన్నాడు. మా అన్న చెడ్డవాడు కాదు. చెడ్డవాడైతే నాకు సులువుగా ఉండేది.

"ఒలే సన్నేసీ, ఆలు నూట పదిహేడేళ్ళ నుంచి పైకెల్తన్నారు. గాట్లు పడకుంతే ఏటి పడతాయి? దీంలోన కొత్తేటున్నాది?"

మాట న్యాయమే. తిరిగొచ్చేశాను.

రోజు 50

ఐదు రోజులుగా దూదిపుల్లలు పట్టుకుని సొరంగం ఆ చివర నుంచి ఈ చివరకి తిరుగుతున్నాను. గవరయ్య ఇంటివాళ్ళు ముప్పై నలుగురు. "ఎవులి పెళ్ళమ్మగారూ" అని ఒకటే వేళాకోళం. నాదే అన్నాను. నవ్వుకున్నారు.

అన్న మాటకి జవాబు పొరల్లో ఉంది. సింహాద్రికి ముగ్గురు పిల్లలు, మూడు శాఖలు. ఒక గాటు ఒక్క శాఖలోనే కనిపిస్తే అది తర్వాతి ఎండపోట్లలో పడినది కావచ్చు, దాన్ని పక్కన పెట్టాను. రెండు శాఖల్లోనో మూడింటిలోనో ఒకే గాటు ఉంటే అది సింహాద్రి పుట్టుకతో తెచ్చుకున్నదే. బిడ్డకి తండ్రిలోది సగమే దిగుతుంది కాబట్టి ఏ ఒక్కరిలోనూ అన్నీ ఉండవు. ఒకరిలో ఒకటి, ఇంకొకరిలో మూడు. ముప్పై నలుగుర్నీ కలిపి పేర్చాను.

తొమ్మిది.

సింహాద్రి పుట్టకముందే అతని తండ్రో తల్లో ఎండపోటులో గట్టిగా నానారు. దిగువూళ్ళో అప్పటికి వచ్చిన ఎండపోటు ఒక్కటే. లోగదిలో ఉన్నవాళ్ళకి అలా తగలదు.

తర్వాత మా ఇంటివి చూశాను. అరవై ఒక్క మంది. అప్పన్నకి మొదటి ఎండపోటు తర్వాత నలుగురు పిల్లలు పుట్టారు, నాలుగు శాఖలు. చేతులు కడుక్కుని, పెట్టె తుడిచి, మళ్ళీ మొదటినుంచి చూశాను. మూడు రోజులు చక్రం తిప్పిన మనిషి పిల్లల్లో ఒకరిలో గాటు లేకపోతే అదృష్టం అనుకోవచ్చు. నలుగురిలో ఒక్కరికీ లేదు. మా రాత కడిగిన పళ్ళెంలా ఉంది.

దిగిన రోజు పండక్కి ఆ పేజీ గొంతెత్తి చదివిన పిల్లల్లో నేనూ ఒకదాన్ని. చదివాక గవరయ్య ఇంటి పిల్లలవైపు ఎలా చూసేదాన్నో గుర్తొచ్చి సిగ్గేసింది.

రోజు 53

గవరయ్య ఇంట్లో పెద్దది తవిటమ్మ, ఎనభై రెండేళ్ళు. సరిచూసుకోవడానికి మళ్ళీ పుల్ల కోసం వెళ్ళినప్పుడు ఆమె ఇంట్లో దాలయ్య తమ్ముడు, పైకి వెళ్ళే ముగ్గురిలో ఒకడు, గవరయ్య తాత పటానికి దణ్ణం పెడుతున్నాడు. తలకి గుడ్డ బిగించి కట్టుకున్నాడు. వాళ్ళింట్లో పెళ్ళికొడుకులు కూడా అలాగే కడతారు. తాత మొహం దాచుకున్నాడు కాబట్టి వీళ్ళు తల దాచుకుంటారని మా వాళ్ళు ఎగతాళి చేస్తారు. నేనూ చేశాను.

"గుడ్డ ఎందుకు కడతారు తవిటమ్మా?"

"నాకేటి తెలుసమ్మా. మా అత్త కట్టమన్నాది, కడతన్నాం. గవరయ్య తాతకి తలంతా బోడట. అది ఎవులూ సూడకూడదని మామ్మ గుడ్డ కట్టిందట."

"ముసలితనంలోనా?"

"ముసలితనమేటి. ముప్పయ్యేళ్ళకే పోనాడు కదా. సింహాద్రి తాత అప్పుడు పాలు తాగే గుంటడు."

పైనుంచి వచ్చినవాళ్ళకి రెండు వారాలకి జుట్టు రాలుతుంది. ఆ సంగతి ఊరందరికీ తెలుసు. తవిటమ్మకీ తెలుసు. రెండింటినీ కలిపి చూడాలని ఆ ఇంట్లో ఎవరికీ తోచలేదు, పుస్తకం అంత గట్టిగా చెప్పింది మరి.

రోజు 57

సభ పెట్టించాను. ఇంక ఐదు రోజులే ఉంది.

గాట్లు చెప్పాను, పొరలు చెప్పాను, గుడ్డ సంగతి చెప్పాను. కొందరికి అర్థమైంది. అర్థమైనవాళ్ళకే ఎక్కువ కోపం వచ్చింది. మా పెదనాన్న కొడుకు లేచి, పెట్టె పాతదైపోయిందనీ, పెట్టె తప్పు చెప్పొచ్చు గానీ పుస్తకం చెప్పదనీ అన్నాడు. చాలామంది తలలూపారు.

సరే, పుస్తకాన్నే అడుగుదాం అనుకున్నాను. ముందు రాత్రంతా ఆలోచిస్తే నాకు తోచింది కూడా అదే.

"అన్నియ్యా, పుస్తకం మొదటి నియమం సదువు."

అది కూడా అందరికీ వచ్చు. దిగిన కొత్తలో, మొదటి ఎండపోటుకి ముందే, దగ్గు జబ్బు వచ్చి ఏడుగురు పోయినప్పుడు పెట్టిన నియమం. ఒంట్లో బాగులేనివారు, పైనుంచి వచ్చినవారు నలభై రోజులు పుస్తకం ముట్టరాదు. ఇప్పటికీ అలాగే నడుస్తోంది. గాలికొట్టు నుంచి దిగినవాళ్ళు నలభై రోజులు పక్కగదిలో ఉంటారు, మనుషులు వచ్చి చూసిపోతారు గానీ పుస్తకం వాళ్ళ దగ్గరికి పోదు.

"ఇప్పుడు ఎండపోటు పేజీ కింద తేదీ సదువు."

చదివాడు. ఎండపోటు ఆగిన ఐదో రోజు.

"సంతకం ఎవులిది?"

అన్న సంతకం మీద వేలు పెట్టి ఆగాడు. సంతకం అప్పన్నది. నూట పదిహేడు సార్లు పండక్కి చదివిన పేజీ. మూడు రోజులు పైన నిలబడ్డ మనిషి ఐదో రోజున పుస్తకం ఎలా ముట్టుకున్నాడని ఒక్కరమూ అడగలేదు. నిలబడ్డవాడు పక్కగదిలో వాంతులు చేసుకుంటూ ఉన్నాడు. కలం పట్టుకోగలిగినవాడు రాసుకున్నాడు.

చివరికి అన్నే అడిగాడు, గొంతు తగ్గించి.

"నువ్వన్నదే నిజమనుకో. అసిరమ్మ బదులు ఎవులెల్తారు?"

అరవై ఒక్క మందిమి ఉన్నాం అక్కడ మా ఇంటివాళ్ళం. ఒకడు పిల్లవాణ్ణి ఎత్తుకున్నాడు. ఒకామె చెంగు సర్దుకుంది. నాకు ఎవరి మీదా కోపం రాలేదు, నేనూ ముందు వెనక్కే జరిగాను. కానీ నాకు యాభై ఎనిమిది. కనవలసిన బిడ్డలు లేరు. ఇంత తేలికైన లెక్క నూట పదిహేడేళ్ళుగా ఎవరికీ తట్టకపోవడమే ఆశ్చర్యం.

"నా పేరు రాసీ" అన్నాను.

రోజు 61

మచ్చ మాకు గురిగా వచ్చేసింది. గాలి యంత్రం మెదడు పీకేశారు. నీళ్ళ డబ్బాలు, అంబలి పొడి, ఈ పుస్తకం సంచిలో పెట్టుకున్నాను. చదువుపెట్టె తాళం అసిరమ్మకి ఇచ్చాను. ఆమె పుచ్చుకుని కొంగుకి ముడి వేసుకుంది.

తలుపు దగ్గర అన్న నిలబడ్డాడు. మూసేది ఆయనే కదా. మెట్లెక్కుతుంటే వెనకనుంచి, "సెల్లీ, సిన్నప్పుడు నిన్ను నీళ్ళ తొట్టిలోన తోసీసినాను, గుర్తున్నాదా?" అన్నాడు.

"ఉన్నాది. ఇప్పుడు దానికేటి?"

"ఏటీ నేదు. ఎల్లు."

తలుపు మూసుకున్న చప్పుడు ఇంతకుముందు లోపలి నుంచే విన్నాను. బయటనుంచి వేరుగా ఉంది.

రోజు 63

చక్రం బరువు. రెండు గంటలు తిప్పి రెండు గంటలు కూర్చోవడం. మగవాళ్ళు ముగ్గురూ నా వంతులో కొంత లాక్కుంటున్నారు, వద్దంటే వినరు. కళ్ళు మూసుకున్నా మెరుపులు కనిపిస్తున్నాయి. మొదటి వాంతి పొద్దున్న.

భయంగా ఉంది. రాయకుండా ఉండలేను కాబట్టి రాస్తున్నాను.

రోజు 64

ఆగింది. కిందనుంచి మూడుసార్లు తలుపు కొట్టారు.

రోజు 81

పక్కగదిలో పదిహేడో రోజు. ముగ్గురిలో ఇద్దరు లేచి తిరుగుతున్నారు. మూడోవాడికీ నాకూ ఇంకా అంబలి తప్ప ఏదీ ఆగడం లేదు.

పొద్దున్న అసిరమ్మ వచ్చింది. కడుపు కనిపిస్తోంది. తల దువ్వుదామని ఆమె దువ్వెన పెట్టగానే నా జుట్టు గుప్పెడు ఊడి దువ్వెనతో వచ్చింది. ఆమె కొంగులోంచి ఒక గుడ్డ తీసింది. ముందే తెచ్చుకుంది. తల చుట్టూ బిగించి, చెవి వెనకాల ముడి వేసింది, వాళ్ళింట్లో వేసే ముడి.

"బిగువైపోనాదేటత్తా?" అంది.

బాగుందన్నాను. ఆమె వెళ్ళాక ఏడ్చాను.

మధ్యాహ్నం అన్న వచ్చాడు. నేను కబురు పంపితేనే వచ్చాడు. చంకలో ఊరి పుస్తకం. నియమం తెలిసిన మనిషి, తలుపుపెద్ద, దాన్ని నా ఒళ్ళో పెట్టాడు. నా తల గుడ్డవైపు చూసి గోడవైపు తిరిగాడు. బయట ఎక్కడో దెబ్బల చప్పుడు వినిపిస్తోంది. ఏమిటని అడిగాను.

"గాలికొట్టుకి లోతుగా తవ్వుతన్నారు. మనోలే."

ముప్పై ఏళ్ళుగా దొరకని పారలు పదిహేడు రోజుల్లో దొరికాయి. అంటే బాగుండదని ఊరుకున్నాను. కాదు, అన్నాను. అన్న నవ్వలేదు.

కలం తీసుకుని ఎండపోటు పేజీ రాశాను. చక్రం తిప్పిన నలుగురి పేర్లు రాశాను. తర్వాత 'లోగదిలో' అని రాసి, అలవాటు కొద్దీ 'దాక్కు' దాకా వచ్చి ఆగాను. లోపల రెండు వందల ఇద్దరు ఉన్నారు. పాలు తాగే పిల్లలున్నారు. తవిటమ్మ ఉంది, అసిరమ్మ ఉంది, అసిరమ్మ కడుపులో ఉన్నది ఉంది. ఎవరు ఎక్కడ ఉన్నారో గాట్లు చెబుతాయి. ఎందుకు ఉన్నారో చెప్పవు. అప్పన్న కూడా ఆ మూడు రోజులూ లోపల ఎవరి పిల్లనో ఒళ్ళో పెట్టుకుని వణికి ఉంటాడేమో, నాకు తెలియదు. తప్పు లోపల ఉండటంలో లేదు, ఆ తర్వాత రాసిన రాతలో ఉంది. ఆ రెండక్షరాలూ కొట్టేసి, 'ఉన్నారు' అని రాశాను.

"నా పేరు కాడ ఏటి రాసినావు?" అన్నాడు అన్న.

"లోపలున్నాడని."

"అంతేనా?"

"అంతే."

అన్న పేజీ మీదికి వంగి, "నా పేరు కింద కాళీ వొదిలీ. వొచ్చేపాలికి" అన్నాడు. వదిలాను.

పుస్తకం మూసేముందు గుడ్డ కింద చెయ్యిపెట్టి లాగితే నాలుగు వెంట్రుకలు వచ్చాయి. కుదుళ్ళతో సహా ఉన్నాయి, బిడ్డలు లేని నాకు గాట్లు మిగిలేది ఆ కుదుళ్ళలోనే. వాటిని నా సంతకం పక్కన జిగురుతో అంటించాను. ముందు ముందు ఎవరో చదువుతారు. ఇది రాసినామె నిజంగా పైన ఉందా, లోపల కూర్చుని రాసిందా అని అనుమానం వస్తుంది, రావాలి కూడా. అప్పుడు నా మాట నమ్మక్కర్లేదు. వెంట్రుకని తీసి పెట్టెలో పెట్టుకోవచ్చు.